గడ్డి బేళ్ల కట్టడం

గడ్డి బేళ్ల కట్టడం అనగా యంత్రంతో బిగించి కట్టిన ఎండుగడ్డి బేళ్లను ఇటుకల వలె వరుసలుగా పేర్చి, వాటికి లోపల, వెలుపల మట్టి లేదా సున్నపు పూత పూసి గోడలు నిర్మించే పద్ధతి. పత్తి బేళ్లు ఎరిగిన తెలుగువారికి బేలు అనే మాట కొత్త కాదు. ఇక్కడ పత్తికి బదులు గోధుమ, వరి, బార్లీ, రై వంటి ధాన్యపు పంటల గడ్డి ఉంటుంది. 19వ శతాబ్దం చివర అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని నెబ్రాస్కాలో పుట్టిన ఈ పద్ధతి కొంతకాలం మరుగున పడి, 1980ల నుండి మళ్లీ ప్రచారంలోకి వచ్చింది. దీనిని చేపట్టేవారిలో చాలామంది మొదట పెరటిలో ఒక చిన్న పనిగదిని కట్టి చూస్తారు. చిత్రలేఖనానికో, చదువుకో, చేతిపనికో పనికివచ్చే ఒంటిగది అది. తప్పు జరిగినా నష్టం తక్కువ, చేయి తిరుగుతుంది. ఈ వ్యాసంలోని లెక్కలు, నిర్మాణ క్రమం అటువంటి గదికి సంబంధించినవి.

ఏ గడ్డి?

తెలుగులో గడ్డి అనే ఒక్క మాటతో రెండు వేరువేరు వస్తువులను పిలుస్తాము. మొదటిది పచ్చిక బయళ్ల నుండి కోసి ఎండబెట్టిన మేత. దీనిలో ఆకు, గింజ, పోషకాలు ఉంటాయి కనుక పశువులకు ఇష్టం, పురుగులకు, బూజుకు కూడా ఇష్టమే. రెండవది ధాన్యం రాల్చుకోగా మిగిలిన కాడ. ఇది దాదాపు పీచు పదార్థమే. గోడకు కావలసినది రెండవది. వరిగడ్డిలో సిలికా పాలు ఎక్కువ కావడం వలన అది గోధుమగడ్డి కంటే నిదానంగా కుళ్లుతుంది. కోసే కత్తులు త్వరగా మొండిబారడానికి కారణం కూడా ఈ సిలికాయే.

చరిత్ర

నెబ్రాస్కా పశ్చిమ భాగంలో ఇసుక దిబ్బల ప్రాంతం ఉంది. అక్కడ చెట్లు అరుదు, రాయి లేదు. మైదానాలలోని ఇతర వలసదారులు గడ్డివేళ్లతో అల్లుకున్న మట్టిపెళ్లలను కోసి ఇళ్లు కట్టుకునేవారు గాని, ఈ ఇసుక నేలలో ఆ పెళ్లలు నిలిచేవి కావు. 1904 నాటి కింకెయిడ్ చట్టం ఒక్కొక్క కుటుంబానికి 640 ఎకరాల వరకు భూమి ఇవ్వడంతో వలస పెరిగింది, ఇళ్ల అవసరమూ పెరిగింది. అప్పటికే గుర్రాలతోనూ, ఆవిరితోనూ నడిచే బేళ్ల యంత్రాలు వాడుకలో ఉన్నాయి. కలప కొనుక్కునే స్తోమతు కలిగేవరకు తలదాచుకోవడానికని గడ్డి బేళ్లతో ఇళ్లు కట్టుకున్నవారు, అవి వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉండడం చూసి, బయట పూత పూయించి అందులోనే స్థిరపడ్డారు.

తొలి కట్టడంగా సాధారణంగా పేర్కొనబడేది 1896 లేదా 1897లో కట్టిన ఒక పాఠశాల. దానికి పూత పూయలేదు, చుట్టూ కంచె వేయలేదు. 1902 నాటికి ఆ బడిని ఆవులు తినివేశాయని నమోదైంది. ఇసుక దిబ్బలలో ధాన్యం పండేది తక్కువ కావడం చేత ఆనాటి బేళ్లు ఎక్కువగా మేత గడ్డివే. ఆవుల దోషం ఏమీ లేదు.

ఆ తరం కట్టడాలలో ఆర్థర్ అనే ఊరిలోని పిల్‌గ్రిమ్ హోలీనెస్ చర్చి ప్రసిద్ధమైనది. 1928లో కట్టిన ఈ చర్చి 1979లో అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. ఫ్రాన్సులోని మోంటార్జీ పట్టణంలో ఫ్యూయెట్ అనే ఇంజనీరు 1920లో చెక్క చట్రం మధ్య బేళ్లు పేర్చి కట్టిన ఇల్లు కూడా చెక్కుచెదరలేదు. 2013లో ఆ దేశపు గడ్డి నిర్మాణ కేంద్రం ఆ ఇంటిని కొని కాపాడింది. గడ్డి ఇల్లు ఎన్నాళ్లుంటుందన్న ప్రశ్నకు ఈ రెండు కట్టడాలనే మొదటి జవాబుగా చూపుతారు.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత సిమెంటు, కలప సులభంగా దొరకడంతో ఈ పద్ధతి వెనుకబడింది. 1973లో వెలువడిన 'షెల్టర్' అనే గ్రంథంలో నెబ్రాస్కా ఇళ్లపై రోజర్ వెల్ష్ రాసిన వ్యాసం పలువురిని మళ్లీ ఇటు తిప్పింది. 1994లో స్టీన్ దంపతులు, డేవిడ్ బైన్‌బ్రిడ్జ్, డేవిడ్ ఐసెన్‌బర్గ్ కలిసి రాసిన 'ది స్ట్రా బేల్ హౌస్' ఈ విద్యకు పాఠ్యగ్రంథం వంటిదైంది. కాలిఫోర్నియాలో వరి దుబ్బును పొలాలలో కాల్చడాన్ని తగ్గించాలని 1991లో చట్టం రావడంతో ఆ గడ్డిని ఏం చేయాలన్న ప్రశ్న తలెత్తింది. గోడలు కట్టడం దానికి ఒక జవాబుగా కనిపించింది. తరువాతి కాలంలో జర్మనీ, ఫ్రాన్సు, బ్రిటన్ దేశాలలో కర్మాగారంలో తయారైన గడ్డి పలకలు కూడా వచ్చాయి. ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో లైలాక్ అనే సహకార నివాస సముదాయపు 20 ఇళ్లు 2013లో అటువంటి పలకలతోనే పూర్తయ్యాయి. అమెరికాలోని నివాస నిర్మాణ నియమావళి 2015 ప్రతిలో గడ్డి బేళ్లకు ప్రత్యేక అనుబంధం చేర్చబడింది.

బేలు లక్షణాలు

రెండు తాళ్లతో కట్టే మామూలు బేలు సుమారు 90 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 35 సెం.మీ. ఎత్తు ఉంటుంది. మూడు తాళ్ల బేలు ఇంతకంటే పెద్దది, ఒక మనిషి ఎత్తడం కష్టం. యంత్రాన్నిబట్టి కొలతలు మారుతాయి కనుక, బేళ్లు చేతికి వచ్చి కొలిచిన తరువాతే గోడ ఎత్తు, కిటికీల కొలతలు ఖరారు చేయడం మంచిది.

మంచి బేలుకు రెండు పరీక్షలు. మొదటిది బిగువు. ఘనపు మీటరుకు 104 కిలోలకు తగ్గని సాంద్రత ఉండాలని అమెరికా నియమావళి చెబుతుంది. తాడు పట్టుకొని ఎత్తినప్పుడు బేలు వంగకూడదు, తాడు కింద అరచేయి సులభంగా దూరకూడదు. రెండవది పొడితనం. పేర్చే సమయానికి తేమ బరువులో 20 శాతానికి మించరాదు. తేమ కొలిచే ముల్లు పరికరాన్ని బేలు నడిమికి గుచ్చి చూస్తారు. పరికరం లేనివారు ఒకటి రెండు బేళ్లను విప్పి చేయి పెట్టి, వాసన చూస్తారు. వెచ్చదనం, ముక్కవాసన, నల్లమచ్చలు ఉన్న బేళ్లను తీసి పక్కన పెట్టవలసిందే. ఒకసారి తడిసి ఆరిన బేలు పైకి బాగానే కనిపిస్తుంది, కాని దానిలో బూజు విత్తనం అప్పటికే పడి ఉంటుంది.

ఉష్ణ నిరోధంలో ఈ గోడకు సాటి వచ్చేవి తక్కువ. గడ్డి కాడల మధ్య, కాడల లోపల చిక్కుకున్న గాలి వేడిని సాగనివ్వదు. 45 సెం.మీ. మందపు బేలు గోడ గుండా సాగే వేడి, 23 సెం.మీ. ఇటుక గోడ గుండా సాగేదానిలో పదో వంతు కంటే తక్కువని లెక్క. అయితే తొలినాళ్ల ప్రచారంలో అతిశయోక్తి కూడా ఉంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 1998లో పూత పూసిన నిండు గోడను పరీక్షించగా, అంతకు ముందు చెప్పుకున్న విలువలో దాదాపు సగమే వచ్చింది. ఆ సగమైనా మామూలు గోడలకు అందనిదే. ఇంతటి గోడ కట్టి పైన పలుచని రేకు కప్పితే ప్రయోజనం లేదు. వేడి పైనుండి దిగుతుంది.

రెండు పద్ధతులు

నెబ్రాస్కా పద్ధతిలో కప్పు బరువును బేళ్లే మోస్తాయి. స్తంభాలు ఉండవు. చిన్న గదికి ఇది చవక, పని సులువు. కాని గోడ తన బరువుకు, కప్పు బరువుకు కొన్ని సెంటీమీటర్లు కుంగుతుంది. అందుచేత గోడ పైన చెక్క పీఠం పెట్టి, పునాది కింద నుండి పైదాకా పట్టీలు వేసి బిగించి, ముందుగానే కుంగేటట్టు చేస్తారు. కిటికీలు పెద్దవిగా, మూలలకు దగ్గరగా పెట్టడం కుదరదు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఏమంటే కప్పు వచ్చేదాకా గోడ వానకు బట్టబయలుగా ఉంటుంది.

చట్రం పద్ధతిలో ముందు చెక్క స్తంభాలు, దూలాలు నిలిపి, కప్పు వేసి, ఆ నీడలో బేళ్లు పేర్చుతారు. కలప ఖర్చు ఎక్కువ. వాన భయం ఉన్నచోట ఇదే క్షేమం. మొదటిసారి కట్టేవారు పని ఎన్నాళ్లు పడుతుందో సరిగా అంచనా వేయలేరు. అందువల్ల కూడా వారికి ఈ రెండవ పద్ధతే నయం.

ఒంటిగదికి లెక్క

లోపల 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల గదిని తీసుకుందాం. బేళ్లు పడుకోబెట్టి పేర్చితే గోడ మందం 45 సెం.మీ. ఏడు వరుసలు వేస్తే ఎత్తు 2.45 మీటర్లు. గోడ మధ్యరేఖ వెంబడి చుట్టుకొలత 15.8 మీటర్లు. కనుక గోడ ఘనపరిమాణం సుమారు 17.4 ఘనపు మీటర్లు. ఆరు వరుసల ఎత్తు, 90 సెం.మీ. వెడల్పు గల ఒక తలుపు, మూడు వరుసల ఎత్తు, అంతే వెడల్పు గల రెండు కిటికీలు తీసివేయగా 15.7 మిగులుతుంది. ఒక బేలు ఘనపరిమాణం 0.142 ఘనపు మీటరు. అంటే 111 బేళ్లు కావాలి. పాడైనవి, ముక్కలు చేసేవి కలుపుకొని 122 తెచ్చుకోవాలి. బేలు 15 నుండి 16 కిలోలనుకుంటే గోడలో ఉండే గడ్డి సుమారు 1.7 టన్నులు. ఎండుగడ్డి బరువులో ఇంచుమించు 40 శాతం కర్బనం. ఆ గడ్డినే పొలంలో తగలబెడితే రెండు టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసేది.

ఈ లెక్కలో ఒక చేదు నిజం కూడా ఉంది. గది వెలుపలి వైశాల్యం 19.1 చదరపు మీటర్లు, లోపల మిగిలేది 12. మూడో వంతుకు పైగా స్థలాన్ని గోడలే తింటాయి. పట్నంలో గజాల లెక్కన స్థలం కొనుక్కున్నవారికి ఇది సరిపడే పద్ధతి కాదు.

నిర్మాణ క్రమం

పునాది రాయితో గాని, కంకర నింపిన కందకంపై గాని వేస్తారు. బేళ్లు నేల మట్టం నుండి కనీసం 20 నుండి 30 సెం.మీ. ఎత్తున మొదలు కావాలి. వాన ఎక్కువగా కురిసే చోట్ల ఇంకా ఎత్తు ఉండాలి. పునాది పైన గోడ రెండు అంచుల వెంబడి చెక్కపట్టీలు పరచి, వాటి నడుమ గులకరాళ్లు నింపుతారు. లోపల ఎప్పుడైనా నీళ్లు ఒలికితే అవి బేలును అంటకుండా రాళ్లలోకి దిగిపోతాయి. రాతి నుండి తేమ పైకి పాకకుండా తారు పూసిన పొర వేస్తారు.

ఇటుక పనిలో వలెనే పై వరుస బేలు కింది వరుసలోని రెండు బేళ్ల అతుకు మీద కూర్చోవాలి. పని మూలల నుండి మొదలుపెట్టి మధ్యకు రావాలి. చివరి ఖాళీలో బేలును గుద్ది గుద్ది దూర్చితే గోడ మూలలు బయటికి జరుగుతాయి. కొత్తవారు తరచు చేసే పొరపాటు ఇది. సగం బేలు కావలసి వస్తే దబ్బనం వంటి పొడవాటి ఇనుప సూదితో బేలు నడుమ కొత్త తాళ్లు దూర్చి, రెండు ముక్కలుగా బిగించి ముడివేసి, ఆ తరువాత పాత తాళ్లు కోయాలి. క్రమం తప్పితే చేతిలో మిగిలేది గడ్డికుప్పే. తలుపులకు, కిటికీలకు చెక్క పెట్టెలను ముందే నిలుపుతారు. గోడకు రెండు పక్కలా వెదురు బద్దలు నిలువునా పెట్టి, గోడ గుండా తాడు లాగి కలిపి కడితే అది అటూ ఇటూ ఊగదు. కరెంటు తీగలను గొట్టాలలో పెట్టి బేళ్ల మధ్య నొక్కవచ్చు. నీటి గొట్టాలు మాత్రం ఈ గోడలలోకి రాకూడదు.

పూత ఈ కట్టడానికి ప్రాణం. సాధారణంగా మూడు పొరలు. మొదటిది పలుచని బంకమట్టి అడుసు. దానిని చేతితో గడ్డిలోకి ఇంకేలా రుద్దుతారు. రెండవదానిలో మట్టి, ఇసుక, తరిగిన గడ్డి కలుపుతారు. మూడవది నునుపు కోసం. మట్టికి ఎంత ఇసుక కలపాలన్నది ఊరు ఊరికీ మారుతుంది. గోడ మీద రెండు మూడు పాళ్లలో చిన్న చిన్న పలకలుగా పూసి, ఎండిన తరువాత పగలనిదానిని ఎంచుకోవడమే మార్గం. మట్టిగోడలకు గడ్డి కలిపిన అడుసు మెత్తి, పేడతో అలికిన తెలుగు పల్లెలకు ఈ విద్య ఎవరూ నేర్పనక్కరలేదు. బయటి వైపు వాన తగిలే చోట సున్నపు పూత మేలు. అది ఎండకు త్వరగా ఆరిపోకుండా తడిపి, తడిగుడ్డ కప్పి ఉంచాలి. సిమెంటు పూత వద్దనడానికి కారణం ఉంది. దానిలో వచ్చే సన్నని పగుళ్ల గుండా నీరు లోపలికి పోతుంది, ఆవిరి మాత్రం తిరిగి బయటికి రాలేదు. గోడ బయటికి చక్కగా కనిపిస్తూ లోపల కుళ్లుతుంది.

తేమ

గోడకు నెత్తిన మంచి టోపీ, కాళ్లకు మంచి బూట్లు ఉండాలని ఈ పనివారు చెప్పుకుంటారు. టోపీ అంటే వెడల్పాటి చూరు, బూట్లు అంటే ఎత్తైన పునాది. చూరు కనీసం 60 సెం.మీ. ముందుకు రావాలి. వానను గాలి ఈడ్చికొట్టే చోట చుట్టూ వసారా దించడం ఉత్తమం. పాడైన గడ్డి ఇళ్లను విప్పి చూస్తే నీరు చేరినది ఎక్కువగా కిటికీ కింది అంచు నుండి, కప్పు కారడం నుండి, నేల నుండి చిందిన తుంపర నుండి. గాలిలోని తేమ మాత్రమే ఉన్నచోట, పూత ఊపిరి పీల్చేదైతే, గోడ తడిసి ఆరుతూ నిలబడుతుంది. లోపలి తేమ 20 శాతం దాటి వారాల తరబడి ఉన్నప్పుడు బూజు మొదలవుతుంది. చెడిన భాగం గుర్తించగలిగితే పూత కొట్టి, తడి గడ్డి లాగివేసి, పొడి గడ్డి కూరి మళ్లీ పూయవచ్చు. దానికంటే ముందు నీరు వచ్చిన దారి మూయాలి.

ఎలుకలు, పురుగులు పూతలో కన్నం లేనంతకాలం లోపలికి రాలేవు. చెదలకు మాత్రం గడ్డి, కలప రెండూ ఆహారమే. చెదలున్న నేలలో రాతి పునాది, దాని మీద రేకు అడ్డు అవసరం. పునాది పక్కన ఏటా కళ్లతో చూసి పుట్టదారులు లేవని నిర్ధారించుకోవాలి.

నిప్పు

పూరిళ్లు తగలబడడం చూసిన దేశంలో మొదటి సందేహం నిప్పు గురించే రావడం సహజం. విడి కాగితం భగ్గున మండుతుంది. లావుపాటి నిఘంటువును నిప్పులో వేస్తే అంచులు మాడి, లోపలి పుటలు చాలాసేపు నిలుస్తాయి. గాలి ఆడకపోవడమే దీనికి కారణం. బిగించిన బేలు కూడా అటువంటిదే, పైన పూత దానికి కవచం. అమెరికాలో 2006లో జరిపిన ప్రామాణిక పరీక్షలలో మట్టి పూసిన గోడ ఒక గంట, సిమెంటు సున్నం కలిపి పూసిన గోడ రెండు గంటలు మంటను ఆపాయి.

ఈ భద్రత పూత పూసిన తరువాతిది. కట్టేటప్పుడు పరిస్థితి పూర్తిగా వేరు. నేల నిండా రాలిన గడ్డి, గోడకు పూత లేని రోజులు అవి. బీడీ ముక్క, వెల్డింగు రవ్వ చాలు. ప్రతి సాయంత్రం రాలిన గడ్డిని ఊడ్చి దూరంగా వేయడం, నీటి పీపాలు సిద్ధంగా ఉంచడం, తీగల పని పూత ముగిసేదాకా ఆపడం తప్పనిసరి.

భూకంపం

2005 అక్టోబరు 8న కాశ్మీరులో వచ్చిన భూకంపంలో బరువైన రాతి గోడలు, నాసిరకపు కాంక్రీటు కట్టడాలు కూలి వేలాది మంది చనిపోయారు. వారిలో బడిలో ఉన్న పిల్లలు అనేకులు. ఆ తరువాత పాకిస్తాన్ ఉత్తర ప్రాంతాలలో తేలికైన గడ్డి బేళ్ల ఇళ్లు కట్టే ప్రయత్నం మొదలైంది. అక్కడ బేళ్ల యంత్రాలు లేవు కనుక ఇనుప పెట్టెలో గడ్డి వేసి జాకీతో నొక్కి చేతితోనే బేళ్లు చేశారు. పునాదికి కంకర నింపిన సంచులు, గోడలను పట్టి ఉంచడానికి చేపల వల వాడారు. 2009లో అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయం, రీనోలో ఇటువంటి పూర్తి పరిమాణపు ఇంటిని కంపన వేదికపై ఉంచి, 1994 నాటి నార్త్‌రిడ్జ్ భూకంపపు కదలికలను అంచెలంచెలుగా పెంచుతూ పరీక్షించారు. పూత పగిలింది, గోడలు కదిలాయి, ఇల్లు మాత్రం కూలలేదు. ఖరీదైన యంత్రాలు లేని చోట ఈ పద్ధతి ఎలా సాధ్యమో చూపిన ప్రయత్నం ఇది.

తెలుగు ప్రాంతాలకు అనుకూలత

గడ్డి పుష్కలంగా ఉన్న కృష్ణా, గోదావరి డెల్టాలలో గాలి తేమగా ఉంటుంది, తుపానులు వస్తాయి, నేలలో నీరు నిలుస్తుంది. గాలి పొడిగా ఉండి, సాలుకు సుమారు 550 మి.మీ. వాన మాత్రమే కురిసే అనంతపురం వంటి చోట్ల గోడకు అనుకూలమైన వాతావరణమే ఉన్నా, గడ్డి మిగలదు. కరువు నాట అది పశువుల నోటి మేత. ఒక ఒంటిగదికి పట్టే 1.7 టన్నుల గడ్డి, రోజుకు 6 కిలోల చొప్పున ఒక పశువుకు తొమ్మిది నెలల పైచిలుకు సరిపోతుంది. గడ్డిని వ్యర్థంగా లెక్కించే దేశాల పుస్తకాలలో ఈ లెక్క కనిపించదు. ఇక్కడ దానిని వేయకుండా ముందుకు పోవడం తగదు.

ఇందుకు మినహాయింపు కోత యంత్రాలు తిరిగే పొలాలు. యంత్రం కోసిన తరువాత పరచుకుపోయే గడ్డిని ఏరడం కూలి ఖర్చుతో కూడినది కావడంతో రెండవ పంటకు తొందరపడే రైతులు కొందరు దానిని తగలబెడుతున్నారు. పంజాబు, హర్యానాలలో ఇది మరింత తీవ్రం. ట్రాక్టరు వెనుక తగిలించే చుట్ట యంత్రాలు తెలుగు జిల్లాలలోనూ వచ్చాయి గాని, వాటిలో చాలావరకు గడ్డిని గుండ్రంగా చుడతాయి. గుండ్రని చుట్ట గోడకు పనికిరాదు. చదరపు బేళ్ల యంత్రం దొరకని చోట జాకీతో నొక్కే పెట్టె ఒక దారి. అందులోనూ కోత అయిన వెంటనే, మబ్బు పట్టకముందే గడ్డిని ఏరి, ఎత్తైన బల్లల మీద కప్పు కింద నిల్వ చేయాలి. డెల్టాలో ఖరీఫ్ కోతలు ముగిసేది నవంబరు, డిసెంబరు నెలల్లో. తుపానుల కాలమూ ఇంచుమించు అదే కనుక, అక్కడ గోడ పనికి రబీ గడ్డి నమ్మదగినది. ఏప్రిల్, మే నెలల ఎండలో బేళ్లు పేర్చి, మృగశిర కార్తె చినుకు పడేలోగా బయటి పూత ముగించాలి.